వానలో లెక్క

మీలో చాలామంది పగలంతా పని చేసుకుని, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఈ పుస్తకం తెరిచి ఉంటారు. నేనూ అలాగే చదువుకున్నాను. అందుకే కొత్తవాళ్లతో కాక, నా పక్క బల్ల మీద కూర్చున్న వాళ్లతో మాట్లాడుతున్నట్టుగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చదివే ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. వానలో తడుస్తూ, చలికి వణుకుతూ, ఒక్క పైసా లాభం లేని పనికోసం మీరు ఎప్పుడైనా బయలుదేరారా? నేను ఒకసారి బయలుదేరాను. పక్షుల్ని లెక్కపెట్టడానికి.

మాది అండమాన్ దీవుల్లోని బతు బస్తీ. ఈ పేరు వినగానే శ్రీకాకుళంలోని మా చుట్టాలు "బాతుల బస్తీయా?" అని నవ్వుతారు. బాతులకూ మా బస్తీ పేరుకూ సంబంధం లేదు. అయినా నేను చెప్పబోయే కథలో బాతులున్నాయి కాబట్టి, ఈసారికి వాళ్ల మాటే నిజమైందనుకోండి.

విశాఖపట్నం నుంచి మా దీవులు సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడలో రెండున్నర మూడు రోజులు పడుతుంది. పోర్ట్ బ్లెయిర్ అని మీరు విన్న ఊరికే 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. దానికి ఆనుకునే మా బస్తీ ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. మా తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం ఓడెక్కి వచ్చినవాళ్ల పిల్లలం మేము.

నేను బట్టలు కుడతాను. ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మకు జబ్బు చేస్తే బడి మానేశాను. ఇరవై రెండేళ్ల తరువాత ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు రాయించుకున్నాను. మా బస్తీలో ఒక మాస్టారు ఆదివారాలు తన ఇంటి వసారాలో మాకు పాఠాలు చెప్పేవారు. మేము ఏడుగురం. ఆటో నడిపే ఒక తమ్ముడు, హోటల్లో వంట చేసే ఒక వదిన, రేవులో కూలిపని చేసే ఇద్దరు అన్నదమ్ములు, ఇళ్లలో పనిచేసే ఒక చెల్లి, నేను, అందరికంటే పెద్దవాడు ఒక మావయ్య. మావయ్యకు అప్పటికి డెబ్బై ఏళ్లు. ఆయన పరీక్ష రాయడానికి రాలేదు. అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చాడు. సంతకం చేయడం నేర్చుకున్నాడు. అంకెలు బాగా వచ్చు. పదాలు కూడబలుక్కుని చదువుతాడు.

ఒక ఆదివారం మాస్టారు "మీరు చూసిన ఒక దృశ్యం" అనే విషయం మీద వ్యాసం రాసుకు రమ్మన్నారు. నేను రెండు పేజీలు రాశాను. "తూర్పు తెల్లవారింది. రంగురంగుల పక్షులు కిలకిలారావాలు చేస్తున్నాయి" అని మొదలుపెట్టాను. అందరికంటే బాగా రాశాననుకున్నాను. మాస్టారు ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన చిన్న అక్షరాలతో మూడు ప్రశ్నలు రాశారు. "ఏ పక్షులు? ఏ రంగు? ఎన్ని?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఆ ఉదయం ఏ పక్షినీ చూడలేదు. ఎప్పుడో పాఠ్యపుస్తకంలో చదివిన వాక్యాన్ని తెచ్చి పెట్టాను, అంతే. మీరు కూడా ఇలా రాసి ఉంటారు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. కానీ ఆ మూడు ప్రశ్నలు నన్ను వదలలేదు.

తరువాతి వారం మాస్టారు అన్నారు, "జనవరి వచ్చింది. ఏటా ఈ నెలలో ఆసియా దేశాల్లో చాలా చోట్ల నీటి పక్షుల్ని లెక్కపెడతారు. 1987లో మొదలైన పని ఇది. మామూలు మనుషులే లెక్కపెడతారు. మనం సిప్పీఘాట్ వెళ్లి లెక్కపెట్టి, మన లెక్క కూడా పంపుదాం. వ్యాసం రాయాలంటే ముందు చూడ్డం నేర్చుకోవాలి."

రాయడం నా వంతు అన్నారు. నా దస్తూరీ బాగుంటుందని. నాకు గర్వంగా అనిపించింది. "నోటు పుస్తకం, పెన్సిల్ తెచ్చుకో" అని కూడా చెప్పారు. ఇంటికి వచ్చాక పెన్సిల్ పట్టుకెళ్లడానికి నాకు నామోషీ అనిపించింది. పెన్సిల్ చిన్నపిల్లల వస్తువు కదా! మా అమ్మాయి పుట్టినరోజుకు కొనుక్కున్న నీలం సిరా కలం అడిగి తీసుకున్నాను. ఈ చిన్న తప్పు గుర్తుంచుకోండి. దీనివల్లే కథ నడిచింది.

మాకు చలికాలమంటూ లేదు. ఏడాది పొడవునా ఉక్కే. వాన మాత్రం రెండు రుతుపవనాలకూ కురుస్తుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది. జనవరిలో సాధారణంగా తెరిపి ఉంటుంది. ఆ ఏడు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, మూడు రోజులుగా ముసురు వదలలేదు. దానికి తోడు ఈదురుగాలి. ఉక్కకు అలవాటుపడిన ఒళ్లు తడిబట్టలతో సముద్రపు గాలిలో నిలబడితే ఎలా వణుకుతుందో ఆ రోజే తెలిసింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. కశ్మీరులో ఉన్నవాళ్లు మమ్మల్ని చూస్తే నవ్వేవారేమో!

తెల్లవారుజామున మొదటి బస్సుకు గారచర్మ మీదుగా సిప్పీఘాట్ వెళ్లాం. తలకు పాలిథిన్ సంచులు కట్టుకున్నాం. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు. ఆ నీళ్లలో అక్కడక్కడా మోడుబారిన చెట్ల మొదళ్లు నిలబడి ఉన్నాయి. దిగగానే మాస్టారు ఒక హెచ్చరిక చేశారు. "ఇక్కడి వాగుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. ఎవరూ రోడ్డు దిగి నీళ్ల అంచుకు పోవద్దు."

మావయ్య ఆ నీళ్లవైపే చూస్తూ నిలబడ్డాడు. బయలుదేరేటప్పుడే ఆయన చెప్పాడు, "నాను పిట్టల కోసం రాటం లేదమ్మా, నా పొలం చూడ్డానికి వస్తన్నాను" అని. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు వేలెత్తి చూపించాడు. "అదిగో, ఆ మోడు కనిపిస్తందా? ఆ మోడు కాడ నుంచి నాది."

అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా తీరంలో సముద్రం అడుగున వచ్చిన భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ మీకు తెలిసే ఉంటాయి. అల వచ్చి వెళ్లిపోవడం ఒక్కటే కాదు జరిగింది. మా దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు కిందికి కుంగింది. ఉత్తర అండమాన్‌లో పైకి లేచింది. నేల కుంగిన చోట పోటు వచ్చినప్పుడల్లా సముద్రం పొలాల్లోకి రావడం మొదలుపెట్టింది. వరి పండిన మళ్లు ఉప్పు మడుగులయ్యాయి. పోక చెట్లు, కొబ్బరి చెట్లు నిలువునా ఎండిపోయాయి. మనుషులు పోగొట్టుకున్న ఆ చోటికి పక్షులు వచ్చి చేరాయి. మావయ్య అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఈ రోడ్డు మీద బస్సులో వెళ్లినా, ఇటువైపు కిటికీ దగ్గర కూర్చునేవాడు కాదట.

లెక్క మొదలుపెట్టాం. మా తొమ్మిది... కాదు, ఎనిమిది మందికీ దుర్భిణులు రెండే. చూశారా, రాసేటప్పుడు ఇప్పటికీ లెక్క తప్పుతూనే ఉంటాను! ఏడుగురం మేము, ఎనిమిదోవారు మాస్టారు. దుర్భిణి చేతులు మారుతూ వచ్చింది. తెల్ల కొంగలు, నీటి కోళ్లు, ఎండిన కొమ్మ మీద లకుముకి పిట్ట, బురద మీద తోక ఎగరేస్తూ పరుగులు తీసే ఉల్లంకి పిట్ట. ఎన్నోసార్లు చూసినవే. కానీ ఆగి చూడలేదు.

గుంపును ఎలా లెక్కపెట్టాలో మాస్టారు చెప్పారు. ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి. ఆ పదీ ఎంత చోటు పట్టాయో కంటితో కొలుచుకోవాలి. అలాంటి చోట్లు గుంపులో ఎన్ని ఉన్నాయో చూడాలి. గుంపు చిన్నదైతే మాత్రం అంచనా పనికిరాదు, ఒక్కొక్కటే లెక్కపెట్టాలి.

ఒక బురద తిన్నె మీద గోధుమ రంగు పిట్టలు కొన్ని గాలికి ఎదురుగా ముడుచుకుని నిలబడ్డాయి. వీపు మీద బంగారు చుక్కలు. "ఇవి పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్లు" అన్నారు మాస్టారు. "సైబీరియాలో, అలాస్కాలో మంచు నేలల్లో పిల్లల్ని చేస్తాయి. అక్కడ చలికాలం రాకముందే వేల కిలోమీటర్లు ఎగిరి వెచ్చదనం కోసం మన దగ్గరికి వస్తాయి." వదిన పాలిథిన్ సంచీ బిగించుకుంటూ "ఇదా వీటికి వెచ్చదనం!" అంది. అందరం నవ్వాం. ఆ నవ్వుతో కొంచెం చలి తగ్గింది.

అప్పుడు ఆటో తమ్ముడు "అక్కా, బాతులు!" అని మెల్లిగా పిలిచాడు. మావయ్య చూపించిన మోడుకు ఇవతలే, నీళ్లలో తేలిన ఒక గట్టు ముక్క మీద బాతులు కూర్చుని ఉన్నాయి. ముదురు గోధుమ రంగు ఒళ్లు, కంటి చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లని వలయం. అండమాన్ బాతులు. ఇవి మా అండమాన్ దీవుల్లోనూ, మాకు ఉత్తరాన మయన్మార్‌కు చెందిన కోకో దీవుల్లోనూ తప్ప ప్రపంచంలో మరెక్కడా లేవు. చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. చాలా తక్కువగా మిగిలాయి. అందుకని వీటి లెక్క ముఖ్యమని మాస్టారు ముందే చెప్పారు.

దుర్భిణి మావయ్య చేతిలో ఉంది. ఆయన పెదవులు కదుపుతూ లెక్కపెట్టసాగాడు. "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది..."

ఇది మీలో రైతు కుటుంబాల వాళ్లకు తెలుసు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు "ఒకటి" అనరు, "లాభం" అంటారు. "ఏడు" అనరు, అది ఏడుపు మాట కాబట్టి "ఆరున్నొకటి" అంటారు. మునిగిపోయిన తన పొలంలో, తన గట్టు మీద కూర్చున్న బాతుల్ని మావయ్య "లాభం" అని మొదలుపెట్టి లెక్కపెట్టాడు. ఆయనకు అది అలవాటుగా వచ్చిన మాటే. నాకు మాత్రం గొంతు పట్టుకున్నట్టయింది. "ఇరవై మూడమ్మా, రాసుకో" అన్నాడు. రాసుకున్నాను.

ఆ వెంటనే పెద్ద వాన వచ్చింది. పరుగెత్తి బస్సు ఆగే చోట ఉన్న రేకుల షెడ్డు కిందికి చేరాం. వదిన ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసింది. నేను నోటు పుస్తకం తెరిచాను. పేజీ నిండా నీలం మరకే. గంటసేపు రాసిన అంకెల్లో ఒక్కటీ మిగల్లేదు.

నేను అందరికీ వీపు తిప్పి ఒక మూల కూర్చున్నాను. మాస్టారు పెన్సిల్ తెమ్మన్న మాట చెవిలో వినిపిస్తోంది. అంతమంది వానలో తడిసి చేసిన పనిని నా నామోషీ కడిగేసింది. ఇప్పుడు లేచి ఆ మాట ఎలా చెప్పడం? వదిన పర్సులో ఉన్న పెన్సిల్ ముక్క అడిగి తీసుకుని, కొత్త పేజీలో రాయడం మొదలుపెట్టాను. తెల్ల కొంగలు 60. నీటి కోళ్లు 15. ప్లోవర్లు 40. గుర్తున్నట్టే అనిపించింది. ఒక్కొక్క అంకె రాస్తూ ఉంటే అదే నిజమని కూడా అనిపించింది. అండమాన్ బాతులు 30 అని రాశాను. "రాయడం అయిందా అమ్మా?" అని మాస్టారు అడిగితే "అయింది సార్" అన్నాను.

ఎవరికి తెలుస్తుంది? పిట్టలు వచ్చి ఫిర్యాదు చేస్తాయా?

మావయ్య టీ గ్లాసు పట్టుకుని నా పక్కన వచ్చి కూర్చున్నాడు. పుస్తకంలోకి తొంగి చూశాడు. అక్షరాలు సరిగా రాకపోయినా ఆయనకు అంకెలు వస్తాయని నేను మరిచిపోయాను.

"ఏటమ్మా ఇది? ముప్పయ్యా? నాను లెక్కెట్టింది ఇరవై మూడు కదమ్మా."

"ఏదో కాస్త ఎక్కువే కదా మావయ్యా" అన్నాను.

"మరి ఆ ఏడు బాతులు ఎక్కడ్నుంచొచ్చినాయి?"

నేను మాట్లాడలేదు. ఆయన కోప్పడలేదు. నీళ్లవైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. సునామీ తరువాత ఎవరి పొలం ఎంత పోయిందో రాసుకోవడానికి ఒక మనిషి వచ్చాడట. ఆ రోజూ ఇలాగే వాన. అతను బురదలోకి దిగలేదు. రోడ్డు మీద గొడుగు కింద నిలబడి అందాజుగా రాసుకున్నాడు. మావయ్య పొలంలో అరెకరం ఆ కాగితం మీదికి రాలేదు. "ఏం రాశాడో నాకేటి తెలుసు? ఏలిముద్ర ఎయ్యమన్నాడు, ఏశాను. పొలం ఒకసారి నీళ్లలో పోనాది. ఇంకోసారి కాయితంలో పోనాది."

గ్లాసులో మిగిలిన టీ తాగేసి లేచాడు. అంతకంటే ఏమీ అనలేదు.

చలికి కాదు, అప్పుడు నా చేతులు మరోలా వణికాయి. ఆ గొడుగు కింద మనిషి చెడ్డవాడు కాకపోవచ్చు. చలిగా ఉండి ఉంటుంది. త్వరగా ఇంటికి పోవాలనుకుని ఉంటాడు. ఇప్పుడు నేను చేసింది సరిగ్గా అదే పని.

మాస్టారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన పుస్తకం తీసుకుని చూసి, "చెరపకు. ఒక్క గీతతో కొట్టెయ్. తప్పు కూడా కనబడుతూ ఉండాలి. ఎవరికైనా కచ్చితంగా గుర్తున్న అంకె ఉంటే రాయి, లేకపోతే ఖాళీ వదిలెయ్" అన్నారు. అందరినీ అడిగాను. ఎవరికీ సరిగా గుర్తులేదు. మావయ్య లెక్క ఒక్కటే నిలిచింది. నేను పెన్సిల్‌తో ఇలా రాశాను. "మొదటి గంట లెక్క వానకు కాగితం తడిసి పోయింది. అండమాన్ బాతులు 23. ఇవి ఒక్కొక్కటిగా లెక్కపెట్టినవి."

నా జీవితంలో నేను రాసిన మొదటి నిజమైన వాక్యాలు అవేనని ఇప్పటికీ అనుకుంటాను.

వాన తగ్గాక ఇంకో గంట లెక్కపెట్టాం. ఈసారి పది పక్షులు చూస్తే పది రాశాను. ఏ పక్షో తెలియకపోతే "తెలియని పక్షి, 1" అని రాశాను. చివరికి మాస్టారు ఆ పేజీ కింద అందరినీ సంతకం చేయమన్నారు. మావయ్య పెన్సిల్ అందుకున్నాడు కానీ వెంటనే సంతకం చేయలేదు. పేజీ పైనుంచి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. బస్సు వచ్చే వేళయింది. ఎవరమూ తొందరపెట్టలేదు. "అం... డ... మాన్... బా... తులు... ఇరవై మూడు" అని చదివి, తల ఊపి, అప్పుడు సంతకం చేశాడు. రాసింది ఏమిటో తెలుసుకుని ఆయన చేసిన మొదటి సంతకం అది.

బస్సులో ఆయన నీళ్లవైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. "మా ఊరు టెక్కలి దగ్గర. అక్కడి తేలినీలాపురంలో ఏటేటా గూడబాతులు, కొంగలు వచ్చి ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటినెవరూ ఏమీ అనరు. పిట్టలొస్తే పంటలు బాగుంటాయంటారు" అని చెప్పాడు. కాసేపు ఆగి, "ఇక్కడ పంట ఎలాగూ లేదు. పిట్టలైనా ఉండనీ" అన్నాడు.

తరువాతి ఆదివారం "మీరు చూసిన ఒక దృశ్యం" మళ్లీ రాశాను. ఒకే పేజీ వచ్చింది. అందులో కిలకిలారావాలు లేవు. గాలికి ఎదురుగా ముడుచుకున్న పిట్టలున్నాయి, నీలం మరక ఉంది, ఇరవై మూడు బాతులున్నాయి. మాస్టారు ఏ వాక్యం కిందా గీత గీయలేదు.

డాక్టర్ సలీం అలీ పేరు మీరు వినే ఉంటారు. 1896లో పుట్టి 1987లో మరణించిన ఆ పక్షి శాస్త్రవేత్త 1931, 1932 సంవత్సరాల్లో మన తెలంగాణ ప్రాంతం కూడా కలిసి ఉన్న హైదరాబాదు సంస్థానంలో పక్షుల్ని చూసి లెక్కలు రాశారు. ఆయన అప్పుడు రాసుకున్నది ఇన్నేళ్ల తరువాత కూడా పనికివస్తోంది. ఎందుకంటే ఏ చోట ఏ పక్షి అప్పుడు ఉండేదో, ఇప్పుడు లేదో చెప్పడానికి అదే ఆధారం. రాసినవాడు పోయినా రాసింది నిలబడుతుంది. అందుకే అందులో అబద్ధం ఉండకూడదు.

ఇక మీ వంతు. మీ ఊరి చెరువు గట్టుకో, పొలానికో, ఏదీ లేకపోతే మీ వీధి చివరి చెట్టు దగ్గరికో ఒక ఉదయం వెళ్లండి. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. అరగంట కూర్చోండి. ఏ పక్షులు, ఏ రంగు, ఎన్ని అని మూడు గళ్లు గీసుకుని రాయండి. పేరు తెలియకపోతే తెలియదనే రాయండి. చూడనిది రాయకండి. మీతో అక్షరాలు రాని పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లనూ లెక్కపెట్టమనండి. రాసింది వాళ్లకు చదివి వినిపించండి.

వాన పడేట్టుంటే గొడుగు మరిచిపోయినా ఫరవాలేదు. పెన్సిల్ మాత్రం మరిచిపోకండి.